వెంచర్ రోడ్లు: వెడల్పుకు లెక్క ఉంది, భద్రతకు పూచీ ఎవరిది?

కొత్త వెంచర్ కరపత్రంలో రోడ్డు గురించి ఉండే సమాచారం దాదాపు ఎప్పుడూ ఒక్క అంకెతో సరి. ముప్పై అడుగులు, నలభై అడుగులు, అరవై అడుగుల ప్రవేశ రహదారి. కొనేవాళ్లు అడిగేదీ, ఏజెంటు చెప్పేదీ, అధికారులు టేపు పెట్టి కొలిచేదీ ఆ వెడల్పునే. ఆ రోడ్డు మీద బండ్లు ఎంత వేగంతో వెళ్తాయి, నడిచేవాళ్లు ఏ పక్కన నడవాలి, గేటు దాటి ప్రధాన రహదారి ఎక్కేచోట ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరం నుంచి కనబడుతుంది అన్న ప్రశ్నలకు ఆ అంకెలో జవాబు లేదు.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో పాదచారులు 32,825 మంది, ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు 74,897 మంది. ఈ రెండు వర్గాలూ కలిపితే మొత్తం మరణాల్లో దాదాపు 64 శాతం. ఊరికి పది, ఇరవై కిలోమీటర్ల దూరంలో వెలిసిన కాలనీ నుంచి రోజూ బయటికి వచ్చేదీ ఎక్కువగా వీళ్లే. బస్సు కోసం రహదారి దాకా నడిచే పనిమనిషి, పిల్లల్ని బైకు మీద బడిలో దింపే తండ్రి, సాయంత్రం నడకకు బయల్దేరే పెద్దవాళ్లు.

ఈ రోడ్ల భద్రత విషయంలో డెవలపర్‌కు చట్టబద్ధమైన బాధ్యత ఏదీ లేదని చాలామంది అనుకుంటారు. ఉంది. కాకపోతే ఒక్క చట్టంలో లేదు. రెరాలో కొంత, లేఅవుట్ నియమాల్లో కొంత, పర్యావరణ అనుమతి షరతుల్లో కొంత, జాతీయ రహదారుల చట్టంలో కొంత, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో మిగతాది. వీటిలో చాలావాటికి ‘రోడ్డు భద్రత’ అన్న పేరు లేదు. అందుకే ప్లాటు కొనేటప్పుడు వాటి గురించి ఎవరూ అడగరు, తనిఖీలోనూ అవి లెక్కకు రావు.

రెరా ఏం చెబుతుంది

2016 నాటి రియల్ ఎస్టేట్ (నియంత్రణ, అభివృద్ధి) చట్టం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో వేసే లేఅవుట్లకూ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లున్న ప్రాజెక్టులకూ వర్తిస్తుంది. ఇందులో ‘అంతర్గత అభివృద్ధి పనులు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో మొదటి రెండు పదాలు రోడ్లు, ఫుట్‌పాత్‌లు. వీధి దీపాలు కూడా అందులోనే ఉన్నాయి. మంజూరైన ప్లానులో ఉన్నంత మేరకు ఇవి డెవలపర్ చేసి తీరాల్సిన పనులే. దయతలచి ఇచ్చే సౌకర్యాలు కావు. ప్రాజెక్టు అవసరం కోసం దాని సరిహద్దులోనో బయటో చేయాల్సిన రోడ్డు పనులకు ‘బాహ్య అభివృద్ధి పనులు’ అని వేరే నిర్వచనం ఉంది. అవి ఎవరు చేయాలన్నది మాత్రం స్థానిక చట్టాలకు వదిలేశారు. గేటు బయటి సమస్యలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

కొనుగోలుదారుకు అన్నిటికన్నా ఉపయోగపడే సెక్షన్ 14. మంజూరైన ప్లాను ప్రకారమే ప్రాజెక్టు కట్టాలి. లేఅవుట్ ప్లానునో ఉమ్మడి స్థలాలనో మార్చాలంటే, ప్రమోటర్‌ను మినహాయించి, కనీసం మూడింట రెండు వంతుల మంది కొనుగోలుదారులు ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ప్లానులో చుట్టూ తిరిగే రోడ్డు చూపించి, తర్వాత దాన్ని మూసి రెండు ప్లాట్లు పిండుకోవడం మన దగ్గర తెలియని విద్య కాదు. అలా మూసిన రోడ్డు అంబులెన్సుకు, ఫైరింజనుకు రెండో దారి అయి ఉండవచ్చు.

అదే సెక్షన్‌లోని మూడో ఉపవిభాగం ఐదేళ్ల హామీ గురించి చెబుతుంది. స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపమో, పనితనంలో, నాణ్యతలో, సేవల కల్పనలో లోపమో చూపిస్తే ప్రమోటర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. దీన్ని గోడ పగుళ్లకూ పైకప్పు కారడానికీ సంబంధించిన నిబంధనగానే చూస్తుంటారు. కానీ ‘సేవల కల్పన’ అన్న మాట పరిధి అంతకన్నా పెద్దది. రెండేళ్లకే కుంగిన రోడ్డు, మూత విరిగిన మ్యాన్‌హోల్, వెలగని వీధి దీపాల వరస, ప్లానులో ఉండి నేల మీద లేని ఫుట్‌పాత్ దాని కిందికి వస్తాయని వాదించడానికి గట్టి ఆధారం ఉంది.

ప్లాట్ల తనఖా

లేఅవుట్ నియమాలు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి లేఅవుట్, సబ్ డివిజన్ నియమాలు, తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం, దాని కింది నిబంధనలు ఇప్పుడు ప్రధానం. పద్ధతి రెండుచోట్లా ఇంచుమించు ఒకటే. ముందు తాత్కాలిక లేఅవుట్ మంజూరవుతుంది. డెవలపర్ 15 శాతం మేర ప్లాట్లను మంజూరు చేసే సంస్థకు తనఖా పెడతాడు. రోడ్లు, కాలువలు, నీటి లైన్లు, వీధి దీపాలు, చెట్లు పూర్తి చేశాక తనిఖీ జరుగుతుంది. అప్పుడు తుది లేఅవుట్ ఇచ్చి తనఖా విడుదల చేస్తారు. రోడ్లు, పార్కు స్థలాలు గిఫ్ట్ డీడ్ ద్వారా పైసా తీసుకోకుండా స్థానిక సంస్థకు దఖలు పడతాయి.

ఈ వ్యవస్థలో అధికారుల చేతిలో ఉన్న అసలైన పట్టు ఆ తనఖాయే. అది విడుదలయ్యాక డెవలపర్‌ను వెనక్కి పిలిపించడానికి నోటీసులూ ఫిర్యాదులూ తప్ప గట్టి ఆయుధం ఉండదు. మరి విడుదలకు ముందు చూసేదేమిటి? రోడ్డు వెడల్పు ప్లానుతో సరిపోయిందా, తారు పడిందా, కాలువ కట్టారా, స్తంభాలు నాటారా అన్నవి. నాలుగు వీధులు కలిసేచోట వేగం తగ్గించే ఏర్పాటు ఉందా, గేటు దగ్గర హెచ్చరిక బోర్డు ఉందా, ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కట్టారా అన్నవి ఆ చూపుకు అందవు. అవి తప్పనిసరి అంశాలుగా తనిఖీ పత్రంలోకి ఎక్కితే రోడ్డు భద్రతకు కొత్త చట్టం కూడా అక్కర్లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పట్టు ఇప్పటికే ఉంది. దాన్ని దేనికి వాడుతున్నామన్నదే సమస్య.

గేటు దగ్గర

కొత్త కాలనీకి అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు లోపలి వీధి కాదు, కాలనీ రోడ్డు వెళ్లి పెద్ద రోడ్డుకు తగిలే మలుపు. షాద్‌నగర్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి, చౌటుప్పల్ వైపు 65, బీబీనగర్, భువనగిరి వైపు 163, విశాఖ నుంచి భోగాపురం దాకా 16 — ఏ దారిన వెళ్లినా ఇరువైపులా వెంచర్ల కమాన్లు వరసగా కనబడతాయి. ప్రతి కమాను వెనుకా ఒక కొత్త కూడలి పుట్టింది. ఆ కూడలిని గీసింది ట్రాఫిక్ ఇంజినీరు కాదు. మార్కెటింగ్ వాళ్లకు కమాను ఎక్కడ బాగా కనబడుతుందో అక్కడ అది వెలిసింది.

లెక్క చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న వాహనం ఎదుట అడ్డు చూసి ఆగడానికి 60 మీటర్ల దూరం కావాలి. 80 కిలోమీటర్ల వేగమైతే 120 మీటర్లు. ఆ దూరం పొడవునా రోడ్డు కనబడాలి. ఇప్పుడు గేటు పక్కన ఏముంటాయో గుర్తు చేసుకోండి: కమాను స్తంభాలు, వెంచర్ పేరు రాసిన హోర్డింగు, అమ్మకాల ఆఫీసు, అందం కోసం నాటిన గుబురు మొక్కలు, సైట్ చూపించడానికి తెచ్చిన కార్ల వరస, ఆ పక్కనే టీ బండి. బయటికి వచ్చే బైకు ముందు చక్రం తారు మీద పెట్టేదాకా కుడివైపు నుంచి వచ్చేదేమిటో తెలియదు. ఎడమకు తిరగాల్సినవాడి సంగతి ఇది. అవతలి వైపు వెళ్లాల్సినవాడు ఇంకా సాహసం చేయాలి. అధికారిక యూటర్న్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే రాంగ్ రూటులో పోతాడు, లేదా ఎవరో రాత్రికి రాత్రి పగలగొట్టిన డివైడర్ సందులోంచి దూరతాడు.

ఇక్కడ చట్టం మౌనంగా లేదు. జాతీయ రహదారుల నియంత్రణ (భూమి, ట్రాఫిక్) చట్టం 2002లోని సెక్షన్ 28 ప్రకారం రహదారి పాలనా సంస్థ అనుమతి లేకుండా జాతీయ రహదారి మీదకు ఎవరూ దారి పెట్టుకోకూడదు. 2020 జూన్‌లో రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు పెట్రోలు బంకులతో పాటు ప్రైవేటు స్థలాలకూ వర్తిస్తాయి. అనుమతికి ఫీజు కట్టాలి, డ్రాయింగు సమర్పించాలి. వేగం తగ్గించుకుని లోపలికి తిరగడానికీ, వేగం పుంజుకుని రహదారిలో కలవడానికీ వేర్వేరు వరసలు కట్టాలి, ఆ ఖర్చు దరఖాస్తుదారే భరించాలి. రాష్ట్ర రహదారి, జిల్లా రోడ్డు అయితే రోడ్లు భవనాల శాఖనో పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగాన్నో అడగాలి. ప్లాటు కొనేవారు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, నాలా మార్పిడి ఉత్తర్వులు అడిగినట్టే రహదారి ప్రవేశ అనుమతి కాపీ కూడా అడగాలి. ఈ ప్రశ్నతో ఏజెంటు తడబడితే ఆశ్చర్యపోవద్దు.

కాలనీ రోడ్డు పెద్ద రోడ్డుకు తగిలే ఇలాంటి టీ ఆకారపు కూడలి దగ్గర చిన్న రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఉండాలన్నది 1988 నాటి ఐఆర్‌సీ 99 ప్రమాణంలోనే ఉంది. ఒకవైపు జోరుగా వెళ్లే రహదారి, మరోవైపు తక్కువ రద్దీ ఉన్న చిన్న రోడ్డు, మధ్యలో సరిగా కనబడని మలుపు: ఆ ప్రమాణం వర్ణించిన చోటు మన వెంచర్ గేటే.

లోపలి వీధులు

వెడల్పు ఎక్కువైతే భద్రత ఎక్కువని మనకొక నమ్మకం. ఫైరింజను, అంబులెన్సు, రెండు కార్లు పక్కపక్కన పోవడానికి వెడల్పు కావాలి, సందేహం లేదు. ప్రాంగణంలోకి ప్రధాన ద్వారం 6 మీటర్లకు తగ్గకూడదని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెప్పేది ఫైరింజనును దృష్టిలో పెట్టుకునే. కానీ 40 అడుగుల వెడల్పుతో అర కిలోమీటరు నిటారుగా, ఇంకా ఇళ్లు లేవక ఖాళీగా ఉన్న తారు రోడ్డు యాక్సిలరేటర్ తొక్కమని పిలుస్తుంది. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లు, బైకు విన్యాసాల కుర్రాళ్లు కొత్త వెంచర్లను వెతుక్కుంటూ వచ్చేది అందుకే. వేగం 30 నుంచి 50కి పెరిగితే ఢీకొట్టే శక్తి దాదాపు 2.8 రెట్లవుతుంది. నడిచేవారూ వాహనాలూ కలిసి తిరిగేచోట గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన రోడ్డు భద్రత మంత్రుల సదస్సు ప్రకటన కోరింది.

బోర్డు పెడితే వేగం తగ్గదు. వీధి నిర్మాణమే తగ్గించాలి. ఈ మాట చెప్పగానే కాలనీ సంఘాలు చేసే పని మార్కెట్లో దొరికే నల్ల పసుపు రబ్బరు పట్టీలు కొని బోల్టులు బిగించడం, లేదా మేస్త్రీని పిలిచి సిమెంటుతో ఒక దిమ్మె పోయించడం. రెండూ ప్రమాణానికి దూరం. ఐఆర్‌సీ చెప్పే స్పీడ్ బ్రేకర్ వృత్తాకారపు వంపుతో 3.7 మీటర్ల పొడవు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాని మీదుగా గంటకు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా వెళ్లవచ్చు. అంతకు మించితే ఇబ్బంది తెలుస్తుంది. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, దిమ్మె మీద రాత్రి కనబడే రంగు చారలు ఉండాలి. అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు ఉన్న గట్టు వెన్నుపూసకు దెబ్బ. వెనక సీట్లో బిడ్డను ఎత్తుకుని కూర్చున్న మనిషిని కింద పడేస్తుంది. పేరులో వేగం తగ్గించేది ఉన్నంత మాత్రాన అది భద్రతా పరికరం కాదు. 2018లో సవరించిన ఐఆర్‌సీ 99లో వీధిని అక్కడక్కడా ఇరుకు చేయడం, ఎత్తు చేసిన పాదచారుల దాటు, చిన్న వలయ కూడలి వంటి ఇతర పద్ధతులూ ఉన్నాయి. వీటన్నిటికీ రోడ్డు వేసేటప్పుడే చోటు చూపిస్తే ఖర్చు తక్కువ. ఇళ్లు కట్టాక పెట్టాలంటే ప్రతి ఇంటి ముందూ ఒక గొడవ.

ఫుట్‌పాత్ సంగతి ఇంకా విచిత్రం. రెరా నిర్వచనంలో ఉంది, కరపత్రం బొమ్మలో ఉంటుంది, నేల మీద ఉండదు. స్థలం లేదన్నది మామూలు జవాబు. ఐఆర్‌సీ 103 ప్రకారం నడిచే బాటకు అడ్డుల్లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. 12 మీటర్ల రోడ్డులో రెండు పక్కలా అంత బాట వదిలినా బండ్లకు 8.4 మీటర్లు మిగులుతుంది. 9 మీటర్ల వీధిలో ఒక పక్కనే పెట్టినా 7.2 మీటర్లు మిగులుతుంది. ఒక్కొక్కటి 3 మీటర్లున్న రెండు వరసలకు అది చాలు. అంటే చోటు ఉంది. ఆ చోటును ఇళ్ల ముందరి ర్యాంపులు, మెట్లు, పూలకుండీలు, నిలిపిన కార్లు తింటున్నాయి. ఇందులో తప్పు ఒక్క డెవలపర్‌ది కాదు, ఇంటి యజమానులది కూడా. కానీ అంచు రాయి వేసి, బాట ఎత్తు 15 సెంటీమీటర్లు మించకుండా పరిచి, కాలువ మీద గట్టి మూతలు పెట్టి ప్లాటు అప్పగిస్తే దాన్ని ఆక్రమించడం అంత తేలిక కాదు. ఖాళీ మట్టి అంచు వదిలేస్తే అది ఎవరిదీ కాదన్నట్టే కనబడుతుంది.

నిర్మాణం సాగే రోజుల ప్రమాదాలు వేరే రకం. వెంచర్‌లో మొదట ఇల్లు కట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి టిప్పర్లు, కాంక్రీటు మిక్సర్ లారీలు, రోడ్డు మీద పోసిన ఇసుక, కంకర మధ్య బతుకుతారు. కంచె లేని గుంత పక్కన దీపం లేకపోతే రాత్రి పూట చెప్పేదేముంది. రోడ్డు పనుల దగ్గర హెచ్చరికలు ఎలా పెట్టాలో ఐఆర్‌సీ ఎస్పీ 55 వివరంగా చెబుతుంది. లేఅవుట్ పనుల్లో దాన్ని తెరిచి చూసే కాంట్రాక్టర్లు అరుదు.

పర్యావరణ అనుమతిలో దాగిన షరతులు

పెద్ద ప్రాజెక్టుల విషయంలో డెవలపర్ మెడకు గట్టిగా చుట్టుకునే పత్రం ఒకటుంది. అది పర్యావరణ అనుమతి. 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపై నిర్మిత వైశాల్యం ఉన్న భవన ప్రాజెక్టులూ, 50 హెక్టార్లు, ఆపైన ఉన్న టౌన్‌షిప్‌లూ ఈ అనుమతి పొందాలి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ వీటికి రూపొందించిన ప్రామాణిక షరతుల్లో రాకపోకల మీద ప్రత్యేక భాగం ఉంది. వాహనాలకూ నడిచేవారికీ దారులు వేరుగా ఉండాలి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేయాలి, లోపలికి వచ్చే, బయటికి వెళ్లే దారులు సరిగా రూపొందించాలి. అంతేకాక ప్రాజెక్టు చుట్టూ 5 కిలోమీటర్ల పరిధిలో రోడ్ల పరిస్థితి ఇప్పటికన్నా దిగజారకుండా, వీలైతే మెరుగుపడేలా ట్రాఫిక్ ప్రణాళిక తయారు చేయాలి.

గేటు బయట తనకేం సంబంధమని వాదించే బిల్డర్ ముందు పెట్టాల్సిన కాగితం ఇదే. షరతుల అమలు మీద ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలన్నది కూడా ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ నివేదికలు ప్రజలు చూడదగ్గ పత్రాలు. చెరువు, మురుగు శుద్ధి విషయంలో ఈ అనుమతుల్ని ఆధారం చేసుకుని హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. స్పీడ్ బ్రేకర్ కోసం, గేటు డిజైన్ కోసం వాటిని తిరగేసేవాళ్లు తక్కువ.

తెలంగాణలో ఇప్పటికీ వాడుకలో ఉన్న 2012 నాటి జీవో 168లో మరో షరతు ఉంది. 4,000 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గ్రూప్ డెవలప్‌మెంట్ చేసేవారు వెనుక ఉన్న భూములకు వెళ్లడానికి వీలుగా తమ స్థలంలోనే ఒక అంచున 9 మీటర్ల ప్రజా రహదారి వదలాలి. ఆ దారిని కూడా గోడలో కలిపేసుకుంటే వెనుక కాలనీవాళ్లు చుట్టూ తిరిగి, చాలాసార్లు రాంగ్ రూటులో, హైవే ఎక్కాల్సి వస్తుంది. గోడ కట్టింది ఒకచోట, ప్రమాదం జరిగేది మరోచోట. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా హైదరాబాద్‌లో ఇలా దారులకు అడ్డుగా లేచిన గోడల్ని కూల్చిన సందర్భాలున్నాయి.

చేతులు మారే వేళ

నిర్వహణ బాధ్యతను కొనుగోలుదారుల సంఘం స్వీకరించేదాకా అవసరమైన సేవలు అందించడం, నిర్వహించడం ప్రమోటర్ పని అని రెరా సెక్షన్ 11 అంటుంది. మెజారిటీ యూనిట్లు బుక్ అయిన మూడు నెలల్లో, స్థానిక చట్టం వేరే చెప్పకపోతే, ఆ సంఘం ఏర్పడేలా కూడా అతనే చూడాలి. ప్లాట్ల వెంచర్లలో ఇది చాలాచోట్ల జరగదు. పెట్టుబడి కోసం కొన్నవాళ్లు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, సంఘం పుట్టదు. డెవలపర్ గిఫ్ట్ డీడ్ ఇచ్చి చేతులు దులుపుకుంటాడు. పంచాయతీ చేతిలో నిధులు ఉండవు. వీధి దీపం కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలక కాలనీ చీకట్లో ఉంటుంది.

ఈ మధ్య కాలానికి హర్యానా ఎప్పుడో సమాధానం రాసుకుంది. అక్కడి 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం ప్రకారం లైసెన్సు తీసుకునే కాలనైజర్ అభివృద్ధి పనుల అంచనా వ్యయంలో 25 శాతానికి బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. పూర్తి ధ్రువపత్రం వచ్చిన నాటి నుంచి ఐదేళ్ల పాటు రోడ్లు, పార్కులు తానే నిర్వహించి, ఆ తర్వాత ఉచితంగా ప్రభుత్వానికో స్థానిక సంస్థకో అప్పగించాలి. గురుగ్రామ్ రోడ్లు చూసినవాళ్లు దీనివల్ల స్వర్గమేమీ దిగిరాలేదని చెబుతారు, నిజమే. కానీ అక్కడ కనీసం ఎవర్ని అడగాలో కాగితం మీద తేలిపోయింది.

మన దగ్గర దీనికి పూర్తిగా అవతల ఉన్నవి అనుమతి లేని లేఅవుట్లు. వాటిలో తనఖా లేదు, తనిఖీ లేదు, గిఫ్ట్ డీడ్ లేదు. ప్లాట్లన్నీ అమ్మేశాక డెవలపరూ లేడు. తెలంగాణలో 2020 నాటి క్రమబద్ధీకరణ పథకానికి దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయంటే ఎన్ని వీధులు ఎవరి పూచీ లేకుండా పుట్టాయో ఊహించుకోవచ్చు. క్రమబద్ధీకరణ రుసుము కట్టేది ప్లాటు యజమాని. రోడ్డు ఇరుకుగా, మూల మూసుకుపోయి గీసినవాడికి ఏ ఖర్చూ తగలదు.

ప్రమాదం జరిగాక

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 198ఏ చేరింది. రోడ్డు డిజైను, నిర్మాణం, నిర్వహణకు బాధ్యులైన సంస్థ, కాంట్రాక్టరు, కన్సల్టెంటు, కన్సెషనీరు నిర్దేశిత ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో వైకల్యమో సంభవిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా. రోడ్డు లోపం గురించి బాధ్యులకు తెలుసా, తెలిసే అవకాశం ఉందా, హెచ్చరిక బోర్డులు పెట్టారా అన్నవి కోర్టు చూస్తుంది. ప్రాణానికి లక్ష అన్న లెక్క ఎంత చిన్నదో చెప్పనక్కర్లేదు. అంతకన్నా ముఖ్యమైన లోపం, ఆ జాబితాలో రియల్ ఎస్టేట్ ప్రమోటర్ పేరు లేకపోవడం. రోడ్డు వేసిన కాంట్రాక్టరు దొరకవచ్చు, దాన్ని అప్పగింత తీసుకున్న మున్సిపాలిటీ దొరకవచ్చు. వేయించి అమ్ముకున్నవాడి మీద ఈ సెక్షన్ నిలుస్తుందా అన్నది వాదనకు తావున్న విషయం. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 ఎవరికైనా వర్తిస్తుంది. కానీ గుంత తవ్వి వదిలేసినట్టు నేరుగా కనబడే నిర్లక్ష్యంలో అది నిలిచినంత సులువుగా, చూపు మూసే మలుపు గీసినందుకు నిలవదు.

గేటెడ్ కాలనీ లోపల జరిగే ప్రమాదాల్లో ఇంకో చిక్కు ఉంది. మోటారు వాహనాల చట్టంలో ‘పబ్లిక్ ప్లేస్’ అంటే ప్రజలకు వెళ్లే హక్కు ఉన్న చోటు. గేటు లోపలి వీధి అది కాదని బీమా కంపెనీ వాదించవచ్చు. పరిహారం విషయంలో ఈ మాటను విస్తృతంగా అన్వయించి బాధితులకు అనుకూలంగా చెప్పిన హైకోర్టు తీర్పులు ఉన్నా, ప్రతి కుటుంబమూ ఆ వాదన మళ్లీ గెలవాల్సిందే. రోడ్లను గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసిచ్చాక అవి ప్రజల రోడ్లే. అటువంటి చోట గేటు మూయడం చెల్లదు. ఆ వీధి పబ్లిక్ ప్లేస్ కాదనడమూ కష్టమే.

అడిగే దారులు

ప్లానుకూ నేలకూ తేడా ఉంటే సెక్షన్ 31 కింద రెరా అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు. సంఘం తరఫునా చేయవచ్చు. వినియోగదారుల కమిషన్ రెండో దారి. ఇక్కడ తెలుగు నేల మీద పుట్టిన వ్యాజ్యం ఒకటి దేశానికంతటికీ దారి చూపింది. రోడ్లు, మురుగు కాలువలు వంటి సౌకర్యాలు కల్పిస్తామని చెప్పి ప్లాట్లు అమ్మడం ఒట్టి స్థలం అమ్మకం కాదని, వినియోగదారుల చట్టం కిందికి వచ్చే ‘సేవ’ అని నార్నే కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. కరపత్రంలోని ఫుట్‌పాత్ బొమ్మను దాచుకోవాలని లాయర్లు చెప్పేది అందుకే. రెరా సెక్షన్ 12 కింద కూడా తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం ఉంది.

సుప్రీంకోర్టు ఇటీవలి ఆదేశాలు కూడా ఈ వాదనకు బలమిస్తాయి. అడ్డుల్లేని ఫుట్‌పాత్ పాదచారి హక్కు అనీ, అది 21వ అధికరణంలో భాగమనీ 2025 మేలో చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 7న రోడ్డు భద్రత వ్యాజ్యంలో, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 138(1ఏ), సెక్షన్ 210డి కింద రాష్ట్రాలు ఆరు నెలల్లో నియమాలు చేయాలని ఆదేశించింది. ఈ రెండోది మన విషయానికి కీలకం. జాతీయ రహదారులు కాని రోడ్ల డిజైను, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు నిర్ణయించే అధికారం 210డి రాష్ట్ర ప్రభుత్వానికి ఇస్తుంది. లేఅవుట్ రోడ్లనూ వాటిని వేసే ప్రమోటర్‌నూ ఆ నియమాల్లో పేరు పెట్టి చేరిస్తే 198ఏలోని ఖాళీ చాలావరకు పూడుతుంది. గుత్తేదార్ల బిల్లులకే పరిమితమైన భాషలో రాస్తే ఖాళీ అలాగే ఉంటుంది.

కోర్టు, రెరా దాకా వెళ్లే ఓపిక లేనివారికి ఒక పాత మార్గం మిగిలి ఉంది. పూర్వపు నేర ప్రక్రియా స్మృతి సెక్షన్ 133, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152. ప్రజల దారికి అడ్డు పెట్టినా, దారి పక్కన గుంతకో బావికో కంచె లేకపోయినా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు అర్జీ ఇవ్వవచ్చు. నిర్ణీత గడువులో అడ్డు తొలగించమని, కంచె వేయమని ఆయన షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వగలరు. రత్లాం మున్సిపాలిటీ తన దగ్గర డబ్బు లేదని చెప్పినప్పుడు 1980లో సుప్రీంకోర్టు ఒప్పుకోనిది ఈ సెక్షన్ కిందే. అర్జీతో పాటు మంజూరైన లేఅవుట్ ప్లాను కాపీ, తేదీ కనబడే ఫొటోలు, రోడ్డు ఎవరి పేర ఉందో చెప్పే గిఫ్ట్ డీడ్ నకలు జతచేయాలి. చేతిలో లేకపోతే మొదటిది సమాచార హక్కు కింద మంజూరు చేసిన సంస్థ నుంచి, చివరిది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి తీసుకోవచ్చు.